పల్మిస్ పిట్టల గూట్లో అంత గోలెందుకు?

ఒకప్పుడు హైతీ కొండల్లో పల్మిస్ పిట్టలు దేనికదే గూడు కట్టుకునేవి. ఒక చెట్టుకి ఒకే జంట. ఇంకో జంట ఆ చెట్టు వైపు చూసినా పోట్లాటే.

హైతీ ఎక్కడుందని అడుగుతారు, నాకు తెలుసు. చాలా దూరం. మనకి తెల్లవారుతుంటే అక్కడి పిల్లలు రాత్రి భోజనానికి కూచుంటారు. అక్కడ కథ చెప్పేవాళ్ళు ముందు ‘క్రిక్?’ అని అడుగుతారు. వినేవాళ్ళు ‘క్రాక్’ అని గట్టిగా అంటే తప్ప నోరు విప్పరు. మీరు అన్నా అనకపోయినా నేను చెప్పేస్తాను. కథ నోట్లో పెట్టుకుని ఊరుకోవడం నా వల్ల కాదు.

పల్మిస్ అంటే అక్కడి చెట్టు. కొబ్బరిచెట్టులాగే ఉంటుంది గానీ ఇంకా నిటారుగా, ఇంకా ఎత్తుగా, సున్నం కొట్టిన స్తంభంలా ఉంటుంది. ఆ చెట్టు మీదే బతుకుతుంది కాబట్టి దాన్ని పల్మిస్ పిట్ట అన్నారు. గోరింక కంటే కాస్త చిన్నది. వీపు గోధుమరంగు, పొట్ట మీద చారలు. ఏమంత అందగత్తె కాదు. కానీ దాని మొండితనం చూడాలి. తనకంటే పొడుగైన పుల్లని ముక్కున కరుచుకుని ఊగుతూ తూగుతూ ఎగిరిపోతుంది.

ఆ పిట్టల్లో సెలియన్ అని ఒకటి ఉండేది. దాని మొగుడు ఫనెల్. సెలియన్ నోటికి జడిసి తుమ్మెదలు కూడా ఆ చెట్టుకి ఆమడ దూరం నుంచి తిరిగి వెళ్ళేవి. పక్క చెట్టు మీదుండే మిర్లాంద్‌కీ దానికీ అసలు మాటల్లేవు. ఎందుకంటే, ఒకసారి సెలియన్ కోసుకున్న పండు మిర్లాంద్ తినేసింది. నిజం చెప్పాలంటే ఆ పండు మిర్లాంద్ చెట్టుదే. సరే, ఆ గొడవలోకి మనం వెళ్ళద్దు.

ఎంత నోరున్నా సెలియన్‌కి ఒక దిగులుండేది. గూడు నిలిచేది కాదు. పొడుగు పుల్లల్ని బిగించి అల్లాలంటే రెండు పిట్టలు చాలవు. ఒకటి పట్టుకుని ఇంకొకటి దూర్చేలోపు మూడో పుల్ల జారిపోయేది. కిందటేడు పెద్ద గాలి వచ్చి గూడు పడిపోయింది, గుడ్లతో సహా. సెలియన్ నేల మీదికి దిగి ఆ పెంకుల పక్కనే చాలాసేపు కూచుంది. ఆ పూట ఎవరినీ తిట్టలేదు.

ఇప్పుడు మళ్ళీ గుడ్లు పెట్టే వేళయింది. వానలూ దగ్గరపడ్డాయి. ఈ గుడ్లు కూడా పోతే తట్టుకోలేనని అది ఫనెల్‌తో చెప్పింది. ఫనెల్ ఏం చెప్పగలడు, పాపం? ఇంకో పుల్ల తేవడానికి వెళ్ళాడు.

అలాంటప్పుడు ఒక పొద్దున కొండ కింద నుంచి ‘బూ’ అని శబ్దం వినిపించింది. సెలియన్ మెడ చాచింది. ఎవరో పెద్ద శంఖం ఊదుతున్నారు. ఎందుకు ఊదుతున్నారు? ఎవరిని పిలుస్తున్నారు? ఏమిటో తెలుసుకోకపోతే సెలియన్‌కి తిన్నది అరగదు. రివ్వున కిందికి దిగింది.

అక్కడ దియులా అవ్వ పొలం ఉంది. అవ్వకి ఎవరూ లేరు, ఒంటరిది. ఆ పొలానికి నాలుగు దిక్కుల నుంచీ జనం పారలు భుజాన వేసుకుని వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కంచె దగ్గర ఆగి ‘ఒనే’ అని కేకేస్తున్నారు. కంచె మోకాలెత్తు కూడా లేదు. కావాలంటే ఒక్క అంగలో దాటేయొచ్చు. ఎవరూ దాటడం లేదు. లోపల నుంచి అవ్వ ‘రెస్పే’ అన్నాక అప్పుడు అడుగు పెడుతున్నారు.

ఆ తర్వాత అంతా బారుగా నిలబడ్డారు. ఒకాయన డోలు వాయించాడు, ఇంకొకాయన పాట ఎత్తుకున్నాడు. పాటతో పాటు పారలన్నీ ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి. సెలియన్ కళ్ళప్పగించి చూస్తుండగానే పొలం తవ్వడం అయిపోయింది.

ఆ కంచె మీద ఒక ముసలి తొండ ఉండేవాడు. అక్కడే పుట్టాడు, అక్కడే ముసలివాడయ్యాడు. సెలియన్ వెళ్ళి ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించింది. వీళ్ళంతా ఎవరు, అవ్వకి ఏమవుతారు, ఎంత కూలి ఇస్తుంది అని.

తొండ తాత తాపీగా తలూపుతూ చెప్పాడు. దీన్ని కొంబిట్ అంటారట. మన వైపు రైతులు ఒకరి చేనికి ఒకరు బదులుకు వెళతారే, అలాంటిదే. కూలీ గీలీ ఏమీ లేదు. ఇవాళ అందరూ అవ్వ పొలంలో పని చేస్తారు, అవ్వ మొక్కజొన్న రవ్వా చిక్కుడు గింజల పులుసూ వండి పెడుతుంది. రేపు ఇంకొకరి పొలం. అక్కడికి అవ్వ కూడా వెళుతుంది. పార పట్టలేకపోతే నీళ్ళు మోస్తుంది.

సెలియన్ కళ్ళు మెరిశాయి. తాత ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. అది వింటేనా? ఎగిరిపోయింది.

తిన్నగా వెళ్ళి మిర్లాంద్ గూట్లో దూరింది. మా గూటికి కొంబిట్ పెట్టాం, పుల్లలు పట్టుకుని బయల్దేరు అని హుకుం జారీ చేసింది. మిర్లాంద్ ఊరుకుంటుందా? మాటల్లేని మనిషి, అదే, మాటల్లేని పిట్ట, చెప్పాపెట్టకుండా ఇంట్లో జొరబడి పని చెబుతోంది. ముక్కుతో పొడిచి తరిమేసింది. తక్కిన చెట్ల మీదా అదే మర్యాద జరిగింది. తోకలో ఈకలు ఊడిపోయి సెలియన్ మళ్ళీ కంచె దగ్గరికి వచ్చిపడింది.

తొండ తాత దాన్ని ఎగాదిగా చూశాడు.

“సగం విని పోయావు. ఆ మిగతా సగమే అసలైంది. ‘ఒనే’ అంటే, నీ గుమ్మాన్ని గౌరవిస్తున్నాను, రావచ్చా అని. ‘రెస్పే’ అంటే, నిన్నూ గౌరవిస్తున్నాను, రా అని. జవాబు రాకుండా లోపలికి పోకూడదు. పిలుపు విని జవాబు చెప్పకుండా ఉండకూడదు. అంతే.”

సెలియన్‌కి అభిమానం అడ్డొచ్చింది. మిర్లాంద్ గుమ్మం ముందు తను నిలబడి అడగాలా? కానీ కిందటేటి పెంకులు గుర్తొచ్చాయి. వెళ్ళింది. ఈసారి గూట్లోకి దూరలేదు. మట్ట చివర ఆగి, గొంతు సవరించుకుని ‘ఒనే’ అంది.

మిర్లాంద్ బయటికి తొంగి చూసి, గొంతులో ఏమైనా అడ్డం పడిందా అని అడిగింది. సెలియన్ ఓపిగ్గా వివరించింది. దానికి ఓపిక ఉందని ఆ రోజే అందరికీ తెలిసింది. మిర్లాంద్‌కి ఆ మాట భలే నచ్చేసింది. ‘రెస్పే’ అంది. అంతటితో ఆగక, ఒకసారి బయటికి వెళ్ళి మళ్ళీ పిలువు, మళ్ళీ అంటాను అంది. సెలియన్ వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు వచ్చిందో అడక్కండి.

తక్కిన చెట్ల దగ్గరా అలాగే ఆగి పిలిచింది. మర్నాడు చుట్టుపక్కల జంటలన్నీ వచ్చాయి. ఫనెల్ ఎండు మట్ట మీద ముక్కుతో డోలు వాయించాడు. కొన్ని పిట్టలు పుల్లలు పట్టుకున్నాయి, కొన్ని దూర్చాయి, కొన్ని బిగించి లాగాయి. పైగా ఒకదాన్ని మించి ఒకటి పొడుగు పుల్లలు తెచ్చాయి, గొప్ప చూపించుకోవద్దూ? సాయంత్రానికి గూడు గడ్డిమేటంత పెద్దదైంది. సెలియన్ అందరికీ పల్మిస్ పళ్ళు పెట్టింది. రేపు మిర్లాంద్ గూటికి కొంబిట్ అనుకుని ఎవరి చెట్టుకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రేపు నల్లగా తెల్లవారింది. పొద్దున్నే సెలియన్ గుడ్లు పెట్టింది. తెల్లటి గుడ్ల మీద ఊదారంగు చుక్కలు. వాటిని చూసుకుని మురిసిపోతుండగానే గాలి మొదలైంది. ఆ గాలికి చెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. గూడు మాత్రం చెక్కుచెదరలేదు. సెలియన్ గుడ్లని పొట్ట కింద పొదువుకుని కూచుంది.

అప్పుడు బయట ‘ఒనే’ అని వినిపించింది.

మిర్లాంద్ గొంతు. దాని గూడు ఎగిరిపోయింది. మొగుడితో కలిసి మట్టని పట్టుకుని వేలాడుతోంది.

ఫనెల్ కంగారుపడ్డాడు. లోపల ఉన్నది ఒకటే గది, నలుగురు దూరితే గుడ్లు తొక్కేస్తారు, గాలి హోరులో వినపడలేదని ఊరుకుందాం అని గుసగుసగా అన్నాడు. సెలియన్ ఇంకాస్త ఒదిగి కూచుంది. పొట్ట కింద గుడ్లు వెచ్చగా తగులుతున్నాయి. వీటిని పోగొట్టుకోవడం దాని వల్ల కాదు.

‘ఒనే.’ ఈసారి గొంతు చిన్నదైపోయింది.

సెలియన్ సందులోంచి తొంగి చూసింది. గుమ్మం తెరిచే ఉంది. మిర్లాంద్ ముక్కుకి అందేంత దగ్గర్లో ఉంది. దూరిపోవాలంటే ఎవరు ఆపుతారు? కానీ అది దూరలేదు. ఈకలన్నీ తడిసి ఒంటికి అతుక్కుపోయాయి, కాళ్ళు జారుతున్నాయి, అయినా గుమ్మంలో అడుగు పెట్టలేదు. జవాబు రాలేదని ఆగింది. అలా ఆగాలని దానికి నేర్పింది సెలియనే.

మిర్లాంద్ మళ్ళీ నోరు తెరిచింది. మాటని గాలి ఎత్తుకుపోయింది. నోరు కదలడం మాత్రం సెలియన్ చూసింది.

“రెస్పే! రెస్పే, రా, వచ్చెయ్” అని గొంతు చించుకుని అరిచింది.

మిర్లాంద్ జంట లోపల పడింది. వాళ్ళ వెనకే మిగతావాళ్ళూ వచ్చి పిలిచారు, పిలిచినవాళ్ళకల్లా సెలియన్ జవాబు చెప్పింది. లోపల రెక్క కదిపే సందు లేదు. గుడ్ల మీద ఎవరో కాలు వెయ్యబోయారు, సెలియన్ కెవ్వుమంది. అప్పుడు మిర్లాంద్, గుడ్లకి మేం అడ్డం నిలబడతాం అని, గోడలోంచి పుల్లలు లాగి గుడ్ల చుట్టూ ఇంకో గోడ అల్లేసింది. తక్కిన జంటలూ దాన్ని చూసి అలాగే చేశాయి. ఎవరి వైపు వాళ్ళు గోడ కట్టుకున్నారు, ఎవరి వైపు వాళ్ళు గుమ్మం తెరుచుకున్నారు. లోపల నుంచి అందరూ పుల్లల్ని కాళ్ళతో బిగించి పట్టుకున్నారు. గాలి వాన వెలిసేదాకా అలాగే పట్టుకున్నారు.

వెలిశాక చూస్తే కొండ మీద మిగిలింది ఆ గూడొక్కటే. గుడ్లన్నీ క్షేమంగా ఉన్నాయి.

సెలియన్ తలొంచుకుని మిర్లాంద్ దగ్గరికి వెళ్ళింది. నువ్వు పిలిచినప్పుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాను అని నసిగింది.

“గాలి కదా వదినా, వినపడి ఉండదు” అంది మిర్లాంద్.

సెలియన్‌కి నోట మాట రాలేదు. పిల్లలూ, అంత నోరున్న సెలియన్‌కి. కాసేపటికి ఎలాగో తేరుకుని, ఇవాళ కొంబిట్ మీకే కదా, గూడు ఏ చెట్టు మీద కట్టమంటావు అని అడిగింది. మిర్లాంద్ ఎక్కడికీ పోదలుచుకోలేదు. ఇక్కడే, నీ గోడకి నా గోడ ఆనించి కట్టండి అంది. అందరూ అదే మాట అన్నారు.

అప్పటినుంచే పల్మిస్ పిట్టలు అన్నీ కలిసి ఒకే గూడు కడతాయి. పైకి చూస్తే పుల్లల మోపులా ఉంటుంది. లోపల ఏ జంట గది దానిది, ఏ జంట గుమ్మం దానిది. అప్పటినుంచే ఆ గూట్లో అంత గోల. ఏ పిట్ట వచ్చి వాలినా, అది నోరు తెరిచీ తెరవకముందే గూడంతా ఒక్కసారిగా అరిచేస్తుంది. కింద నడిచేవాళ్ళు చెవులు మూసుకుంటారు. అరవక ఏం చేస్తాయి? గుమ్మంలో నిలబడ్డవాళ్ళని రెండోసారి పిలవనివ్వకూడదని వాటి పట్టుదల.