తుపాకీకి అన్నం పెట్టిన అన్నదమ్ములు

నాగావళి ఏటికి ఇవతల చినబొడ్డవలస అని ఓ ఊరు. ఆ ఊళ్ళో నరసమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దాడు గవరయ్య, నడిపివాడు దాలయ్య, చిన్నాడు తవుడు. వాళ్ళకున్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఎవరికీ లేదు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, వాళ్ళు అనుకున్నది.

వాళ్ళ నాన్న పోతూ పోతూ, "నాయనలారా, మీ తెలివి ఎక్కడా పారేసుకోకండి" అన్నాడట. అంతే. ఆనాటి నుంచి ముగ్గురూ చెవుల్లో దూది పెట్టుకుని, తలకి తువ్వాలు బిగించి కట్టుకుని తిరిగేవాళ్ళు. తుమ్మొస్తే ముక్కు గట్టిగా పట్టుకునేవాళ్ళు. ఓసారి తవుడు పట్టుకోవడం మరిచిపోయి హాచ్చిమని తుమ్మేశాడు. నరసమ్మ లబోదిబోమంది.

"అయ్యో అయ్యో, ఎంత పోయిందో ఏమో! ఒరే తవుడూ, నేనెవర్నిరా?"

"అమ్మవి."

"మరి నువ్వెవరివి?"

"నువ్వు అమ్మవైతే నేను కొడుకునే కదా!"

"హమ్మయ్య! ఏమీ పోలేదు. పైగా కాస్త పెరిగినట్టుంది" అని దిష్టి తీసింది.

ఇంత తెలివిలోనూ గవరయ్యకి ఓ దిగులుంది. మేనమామ పారినాయుడి కూతురు పైడమ్మ అంటే అతనికి ప్రాణం. ఆ పిల్ల తనని చూసి నవ్విందంటే ఆ పూట అన్నం సయించేది కాదు. నవ్వలేదంటే రెండు పూటలా సయించేది కాదు. పారినాయుడు ఉండేది పక్క ఊళ్ళోనే. ఆయనకి మేనల్లుడంటే ఇష్టమే, మేనల్లుడి తెలివంటేనే భయం.

ఆ ఏడు ఫాల్గుణంలో పారినాయుడు వేరుశనగ చేను పీకించి, మొక్కల్ని కాయలతో పాటే అయిదు కుప్పలు పెట్టించి ఎండకి వదిలాడు. ఇంకేముంది, ఎక్కడెక్కడి పావురాలూ దిగాయి. వాటి వెనకాలే కాకులూ దిగాయి. ఏటా ఈ రోజుల్లో పారినాయుడు గట్టు మీద కూర్చుని తాతల నాటి నాటుతుపాకీ పేల్చేవాడు. ఆ చప్పుడుకి పిట్టలు లేచి ఏరు దాటిపోయేవి. ఈ ఏడు ఆయన కళ్ళకి శుక్లాలు ముదిరాయి. పావురానికీ మట్టిపెళ్ళకీ తేడా తెలియడం లేదు. డాక్టరేమో వెంటనే పట్నం వచ్చి ఆపరేషను చేయించుకోమన్నాడు. తోడుగా పైడమ్మ వెళ్ళాలి. చేనెవరు చూస్తారు?

దిక్కులేక మేనల్లుడికి కబురుపెట్టాడు.

"ఒరే గవరయ్యా, చేను నీకప్పజెప్తున్నాను. కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాయాలి. పిట్టల్ని కుప్పల్ని ముట్టుకోనివ్వకూడదు. తుపాకీలో మందు పొయ్యి, గుళ్ళు వెయ్యి, గాలిలోకి తుపాకీ కాల్చు. నేను తిరిగొచ్చేసరికి కాయ దక్కిందా, పిల్లని నీకే ఇస్తాను. లేదా, పట్నం సంబంధం ఒకటి అడుగుతున్నారు. ఖాయం చేసేస్తాను."

పక్కనే మూట కట్టుకుంటున్న పైడమ్మ, "నాన్నా, బావకి ఏ మాటైనా విడమరిచి చెప్పాలి" అంది.

"ఇందులో విడమరిచేదేముందే? పసిపిల్లాడైనా చేస్తాడు."

"పసిపిల్లాడైతే చేస్తాడు" అంది పైడమ్మ, గవరయ్యని చూసి నవ్వింది. అంతలో బస్సు వచ్చేసింది.

ఆ నవ్వుతో గవరయ్య గాలిలో తేలుకుంటూ ఇంటికొచ్చి తల్లితో, తమ్ముళ్ళతో సంగతంతా చెప్పాడు. మామ మాట పొల్లుపోకుండా చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు, అలా దాచుకుంటే ముసలితనంలో పనికొస్తుంది అని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు.

ముందు వత్తుల పని. నరసమ్మ దూది తీసి, వత్తులు చేసి, ఆముదంలో ముంచి ఇచ్చింది. చేను గట్టు మీద ముగ్గురూ వరసగా కూర్చుని రెప్పల సందుల్లో వత్తులు దోపుకున్నారు. కళ్ళు భగభగ మండుతున్నాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అన్నా, వెలిగించాలా?" అని అడిగాడు దాలయ్య.

గవరయ్య బాగా ఆలోచించాడు. "వేసుకోమన్నాడు గానీ వెలిగించమనలేదు. అనని పని మనకెందుకు?"

అలా గండం గడిచింది. కాసేపయ్యాక తవుడు, "అన్నా, ఏదో టపటపమంటోంది" అన్నాడు.

"నీ రెప్పలు కొట్టుకుంటున్నాయేమో చూసుకో."

"కూకూమని కూడా అంటోంది."

"ఆకలేస్తోందిరా నీకు. కడుపులో చప్పుడది."

ఆకలి సంగతి నిజమే గానీ కడుపులు మాత్రం పావురాలవి నిండుతున్నాయి. సాయంత్రం వత్తులు తీసి చూస్తే ఓ కుప్ప పైన కాయన్నది లేదు, పొట్టు మిగిలింది. పైడమ్మ పెళ్ళికూతురై పట్నం బస్సెక్కుతున్నట్టు గవరయ్య కళ్ళకి కట్టింది.

"ఇక లాభం లేదు, తుపాకీ తీద్దాం" అన్నాడు.

తెల్లారగానే తుపాకీని వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. దానికి మందు పొయ్యాలి. మందు పొయ్యాలంటే జబ్బేమిటో తెలియాలి కదా! నరసమ్మ గొట్టానికి చెవి ఆనించి విని పెదవి విరిచింది.

"ఊపిరే ఆడ్డం లేదు నాయనా! ఉబ్బసం. తాతల నాటిదంటే ముసలిప్రాణం కాదూ?"

అప్పటికప్పుడు మిరియాలూ శొంఠీ దంచి చెంబుడు కషాయం కాచింది. పోయబోయి ఆగింది. "పరగడుపున పోస్తే పేగులు పుండవుతాయి. ముందు రెండు ముద్దలు తినిపించండి."

అంతే. తుపాకీ మూతి దగ్గర తవుడు కూర్చుని, "ఆ... అను తాతా" అంటూ గంజన్నం ముద్దలు పెట్టాడు. దాలయ్య కర్రతో లోపలికి కూరాడు. ఎంత పెట్టినా పడుతోంది.

"ఎన్నాళ్ళ ఆకలో అమ్మా, వద్దనకుండా తింటోంది!"

"మీ మావయ్య ఎప్పుడైనా ఓ ముద్ద పెట్టాడా, పాపం!" అని నరసమ్మ కళ్ళొత్తుకుంది. పైన కషాయం పోశారు.

ఇక గుళ్ళు వెయ్యాలి. ఊళ్ళో ఉన్నవి రెండు గుళ్ళు. రాముడి గుడి, గ్రామదేవత గుడి. తవుడు పుల్లతో తుపాకీ మూతి కొలిచి, పరిగెత్తుకెళ్ళి రాముడి గుడి వాకిలి కొలిచి, వగరుస్తూ తిరిగొచ్చాడు.

"పట్టదన్నా! ధ్వజస్తంభం ఒక్కటీ పట్టొచ్చేమో గానీ, గుడి పట్టదు."

గవరయ్య తల పట్టుకున్నాడు. మామ మాట తప్పితే పిల్ల దక్కదు. చివరికి నరసమ్మే దారి చూపించింది. రాముడి గుళ్ళోంచి తులసాకులూ, అమ్మవారి గుళ్ళోంచి కుంకుమా తెచ్చి వేస్తే రెండు గుళ్ళూ వేసినట్టే అంది. వేశారు. నోరు చేదుగా ఉంటుందని పైన ఓ పెద్ద బెల్లం ముక్క కూడా బిగించారు.

ఊరేగింపుగా తుపాకీని చేలోకి తీసుకెళ్ళేసరికి కోసిన చేలన్నిటి మీదా పావురాలే. గవరయ్య తుపాకీ ఎత్తి పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమన్నా, కాల్చవేం?"

"గాలిలోకి కాల్చమన్నాడు మామ. గాలేదిరా?"

నిజమే, ఆకు కదలడం లేదు. దాలయ్యా తవుడూ ఇంటికి పరిగెత్తి చెరో చేటా తెచ్చి అటొకడూ ఇటొకడూ నిలబడి విసరడం మొదలుపెట్టారు. ఎండలో చల్లగాలి తగిలేసరికి దూరంగా ఉన్న పావురాలు కూడా దగ్గరికొచ్చి, రెక్కలు విప్పుకుని హాయిగా కూర్చున్నాయి.

"గాలొచ్చింది! ఇక తుపాకీ కాల్చెయ్ అన్నా!"

"కాల్చాలంటే నిప్పు కావాలి కదరా!"

నిప్పుకి పుల్లలు కావాలి. చేలో కుప్పలు తప్ప పుల్లలు లేవు. దాలయ్య నసిగాడు. "కుప్పల్ని ముట్టుకోకూడదేమో?"

"పిట్టల్ని ముట్టుకోనివ్వద్దన్నాడు. నువ్వు పిట్టవా?"

దాలయ్య తన చేతులకేసి చూసుకుని, "కాను" అన్నాడు.

ఇంకేముంది! ఓ కుప్పని దూరంగా గట్టు మీదికి మోసి, తుపాకీని మూతి పైకి ఉండేలా నడిమధ్యన నిలబెట్టి, అగ్గిపుల్ల గీశారు. మంట భగ్గుమంది. కాలిన వేరుశనక్కాయల వాసన గుప్పుమని ఊరంతా పాకింది. పొలాల్లో పనిచేస్తున్నవాళ్ళు, దారిన పోయేవాళ్ళు ముక్కులెగరేసుకుంటూ వచ్చారు.

"ఏం కాలుస్తున్నారర్రా?"

"తుపాకీ" అన్నాడు గవరయ్య గంభీరంగా.

వాళ్ళు నవ్వేలోపలే లోపలున్న కషాయం మరిగింది. గంజన్నం ఉడికింది. పైన బెల్లం బిరడాలా బిగుసుకుపోయింది. ఎటూ దారిలేక ఆవిరి తుపాకీ మూతిని తన్నుకుని బయటికొచ్చింది.

ఢాం!

జనమంతా బోర్లా పడ్డారు. పావురాలన్నీ ఒక్కసారిగా లేచి, ఆకాశాన్ని కమ్మేసి, ఏరు దాటి కనిపించకుండా పోయాయి. చేనంతా అన్నం మెతుకులు వాన కురిసినట్టు కురిశాయి. గవరయ్య లేచి గంతులేశాడు. తవుడు మాత్రం తన బుగ్గ మీది మెతుకు తీసి చూసి జాలిపడ్డాడు.

"వాంతి చేసుకుందన్నా, పాపం. పెట్టినదంతా కక్కేసింది."

అన్నం కనిపిస్తే కాకులాగుతాయా? ఓ కాకి వచ్చింది. కావుమని పదిమందిని పిలిచింది. వాళ్ళు మరో వందమందిని పిలిచారు. చేను నల్లబడిపోయింది. దాలయ్య చేట తీసుకుని తరమబోయాడు. అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన నరసమ్మ అది చూసి కెవ్వుమంది.

"ఆగరా పాపిష్టోడా! అన్నం ముట్టడానికి వచ్చిన కాకుల్ని కొడతావా? అందులో మీ నాన్నుంటేనో?"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. నాన్నని తరిమెయ్యబోయామా! తవుడు గొంతెత్తి, "నాన్నా!" అని పిలిచాడు. కాకులన్నీ కావుకావుమన్నాయి.

"అమ్మా, అన్నీ పలికాయే! ఎవరు మన నాన్న?"

"ఆ మెడ పక్కకి తిప్పి చూస్తున్నాడే, ఆయన. నేను పిలిస్తే ఎప్పుడూ అలాగే మెడ తిప్పేవాడు" అంది నరసమ్మ కొంగు నిండుగా కప్పుకుంటూ.

గవరయ్య ఆ కాకి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాన్నా, పైడమ్మ నాకు దక్కుతుందా?"

"కావ్" అంది కాకి.

"దక్కుతుందన్నాడా అమ్మా, దక్కదన్నాడా?"

"మీ నాన్న బతికున్నప్పుడూ అంతేరా. ఏదీ తేల్చి చెప్పడు."

నాన్నకి వేరుశనక్కాయలంటే ఇష్టమని నరసమ్మకి గుర్తొచ్చింది. అంతే, ఇంకో కుప్ప విప్పి ఏటి ఒడ్డున పరిచారు. అది మొదలు కాకులు అక్కడే కాపురం పెట్టాయి. పావురాలు తిరిగి వస్తే పొడిచి తరిమాయి. కాలిన కాయల కోసం వచ్చిన జనం పొద్దస్తమానం మిగతా కుప్పల చుట్టూ చేరి కబుర్లు చెప్పుకున్నారు. అంత సందడిలో ఏ పిట్టా అటు వాలలేదు.

పారినాయుడు నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. కొత్త చూపుతో మొట్టమొదట కనిపించింది కర్ర అంతా కాలిపోయి నల్లగొట్టంలా మిగిలిన తుపాకీ.

"ఒరే, ఇదేమిటిరా?"

"నువ్వు చెప్పినట్టే తుపాకీ కాల్చాం మావయ్యా" అన్నాడు గవరయ్య.

వత్తుల దగ్గర్నుంచి నాన్న దాకా జరిగినదంతా దాచకుండా చెప్పాడు. వింటున్న పైడమ్మ నవ్వి నవ్వి నిలబడలేక కుప్ప మీద కూలబడింది. పారినాయుడికి మాత్రం పళ్ళు పటపటలాడాయి. కర్ర కోసం అటూ ఇటూ చూశాడు. చూస్తూ చూస్తూ కుప్పలు లెక్కపెట్టి ఆగిపోయాడు. మూడున్నాయి. తను తుపాకీ పట్టుకుని కాపలా కాసిన ఏళ్ళల్లో రెండుకి మించి ఎప్పుడూ మిగల్లేదు!

గవరయ్య తల వంచుకుని, "పిల్లనియ్యవు కదూ మావయ్యా?" అన్నాడు మెల్లగా.

పారినాయుడు జవాబు చెప్పకముందే పైడమ్మ లేచి నిలబడింది. "ఇవ్వు నాన్నా. నువ్వు చెప్పినవాటిలో బావ ఒక్కటి మానేశాడా? కళ్ళు మండుతున్నా వత్తులు తియ్యలేదు. ఇంత మాట మీద నిలబడేవాడు పట్నంలో దొరుకుతాడా? ఇకనుంచి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను."

వైశాఖంలో పెళ్ళయింది. అప్పగింతలప్పుడు పారినాయుడు ఏడుపు ఆపుకోలేక గవరయ్య చేతులు పట్టుకున్నాడు. పైడమ్మ సైగ చేస్తూనే ఉంది, ఆయన చూసుకోలేదు.

"అల్లుడూ, గారాబంగా పెంచుకున్న పిల్ల. కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకో నాయనా."

అంతే. గవరయ్య పెళ్ళాన్ని అమాంతం భుజం మీదికి ఎత్తుకున్నాడు.

"బావా, దించు! అందరూ చూస్తున్నారు!"

"దించితే కాలు కింద పడదూ? మామకి మాటిచ్చాను."

పక్క ఊరి దాకా చేల గట్ల మీద అలాగే మోసుకెళ్ళాడు. తీరా వెళ్తే తాటాకు ఇంటి గుమ్మం పొట్టిది. భుజం మీద మనిషితో పట్టదు. పైడమ్మ దిగుతానంటుంది, గవరయ్య దించనంటాడు. హారతి పళ్ళెం పట్టుకున్న నరసమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. దాలయ్యా తవుడూ నిచ్చెన వేసుకుని పైకెక్కారు. ఒక్కొక్క తాటాకూ పీకి కింద పడేశారు. ఇల్లు బోడిగా అయ్యాక పెళ్ళికూతుర్ని పైనుంచి తాళ్ళతో దింపి తిన్నగా మంచం మీద కూర్చోబెట్టారు. కాలు కింద పడలేదు. నలుగురూ పొంగిపోయారు.

పైడమ్మ మొదట కోప్పడదామనుకుంది. వాళ్ళ మొహాలు చూసేసరికి నవ్వొచ్చింది. నవ్వుతూ పైకి చూస్తే పైకప్పు ఉండాల్సిన చోట నల్లటి మబ్బు కనిపించింది. ఓ చినుకు ముక్కు మీద పడింది.

"బావా, వానొస్తోంది!"

"భయపడకు, నేనున్నాను" అన్నాడు గవరయ్య.

ముగ్గురన్నదమ్ములూ ఒక్క ఉరుకున వెళ్ళి వీధి తలుపు మూసి, గడియ పెట్టి, చినుకు లోపలికి రాకుండా రోకలి కూడా అడ్డం పెట్టారు.