మజ్జిగకు పోని కారం

అనగనగా ఒక ఊళ్ళో, ఎండాకాలం వస్తే నేల కనపడకుండా మిరపకాయలు ఆరబోసే ఒక ఊళ్ళో, మార్తమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. పొద్దున్నే అన్నం మూట కట్టుకుని మిరప కల్లానికి పోయేది. అక్కడ నలుగురితో పాటు కూర్చుని కాయలకు తొడిమలు తీసేది. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి.

నీళ్ళు పోస్తే ఆ మంట పోదు, ఇంకా పాకుతుంది. అందుకని ఆ పేటలో ఒక పద్ధతి ఉండేది. కల్లం నుంచి వచ్చిన ఆడవాళ్ళు అలాగే గడప దాటరు. బయట అరుగు మీద కూర్చుని, చేతులకు పుల్లటి మజ్జిగ పట్టించి, బాగా రుద్ది, కడుక్కుని, అప్పుడు లోపలికి వస్తారు. లేకపోతే ఆ చేతులతో బిడ్డను ముట్టుకుంటే బిడ్డ కళ్ళు ఏం కావాలి, చెప్పు?

మార్తమ్మ అత్త ఎలీసమ్మ రోజూ మజ్జిగ గిన్నె అరుగు మీద పెట్టి ఉంచేది. మార్తమ్మ కూతురు తబిత, నీ అంత పిల్ల, దువ్వెనా రిబ్బనూ పట్టుకుని దూరంగా నిలబడేది. అమ్మ చేతులు ఎప్పుడు చల్లబడతాయా, ఎప్పుడు జడ వేయించుకుందామా అని చూసేది. నాయనమ్మ జడ వేస్తే ఇట్టే ఊడిపోతుందని దాని బాధ.

అలా ఉండగా ఆ కల్లానికి సుగుణమ్మ అనే ఆవిడ పని చేయించే మేస్త్రీగా వచ్చింది. సుగుణమ్మ నోరు మంచిది కాదు. మార్తమ్మను రోజూ ఎండ పడే వైపు కూర్చోబెట్టేది. పైగా నలుగురిలో అనేది, "ఏం మార్తా, కాయలకు జోల పాడుతున్నావా? అవి నిద్రపోతే గానీ తొడిమ తియ్యవా?"

అందరూ నవ్వేవారు. మార్తమ్మ తల వంచుకుని తొడిమలు తీసేది. ఆ మాటను పళ్ళ మధ్య పట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చేది.

మొదటిసారి ఆ కోపం పొయ్యి మీద పడింది. పుల్లలు అంటుకోలేదని కుండ తోసేసింది. గంజి అంతా నేలపాలయింది.

ఆ తర్వాత అత్త మీద పడింది. మజ్జిగ పల్చగా ఉందని, "ఇంట్లో కూర్చుని ఈ పాటి పని కూడా చేతకాదా?" అంది. ఎలీసమ్మ గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత బిడ్డ మీద పడింది. "అమ్మా, జడ" అని తబిత రిబ్బను చాపితే, మార్తమ్మ దాన్ని లాగి పెరట్లోకి విసిరేసింది. "నా ప్రాణం తియ్యడానికే పుట్టావే నువ్వు" అంది.

అప్పటి నుంచీ తబిత అమ్మ దగ్గరికి రావడం మానేసింది. అమ్మ అడుగుల చప్పుడు వింటే నాయనమ్మ మంచం వెనక చేరేది. నాయనమ్మతోనే వదులు జడ వేయించుకునేది. మార్తమ్మ చల్లబడిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతుల్లోకి ఎవరూ వచ్చేవారు కాదు.

తబిత ఒకరోజు నాయనమ్మ చెవిలో అడిగింది, "నాయనమ్మా, అమ్మకు కారం లోపలికి కూడా పోయిందా?"

"పోయినట్టే ఉందమ్మా."

"మరి లోపల మజ్జిగ ఎట్లా రుద్దుతారు?"

ఎలీసమ్మ పిల్ల తల నిమిరింది. "అది యేసయ్య చేసే పనిలే" అంది. పిల్లలకు ఒక మాట చెబితే అది ఎక్కడ మొలుస్తుందో ఎవరికి తెలుసు?

ఆదివారం వచ్చింది. అందరూ గుడికి పోయారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, "ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి" అన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పారు. ఒకరు ఈనని గేదె సంగతి చెప్పారు. అప్పుడు తబిత లేచి నిలబడింది.

"మా అమ్మ లోపలికి కారం పోయిందండీ. మజ్జిగకు పోవట్లేదు. యేసయ్య తీసెయ్యాలని అందరూ ప్రార్థన చెయ్యండి."

గుడిలో అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా సుగుణమ్మ నవ్వింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకోమని చెప్పి, ఆ పిల్ల అడిగిన ప్రార్థనే చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మార్తమ్మ మూసుకోలేదు. ఆవిడ ముఖం పండు మిరపకాయలా అయిపోయింది.

గుడి వదలగానే బిడ్డను రెక్క పట్టుకుని కాలవ గట్టు మీదుగా లాక్కుపోయింది. మనుషులెవరూ లేని చోట ఆగింది. చెయ్యి ఎత్తింది.

తబిత ఏడవలేదు, పారిపోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. రెప్పలు ముడతలు పడేలా మూసుకుంది.

ఆ మూసుకోవడం మార్తమ్మకు తెలుసు. ఆ పేట పిల్లలంతా కారం చేతులు దగ్గరికొస్తే అట్లాగే మూసుకుంటారు. మార్తమ్మ తన చెయ్యి తను చూసుకుంది. అది ఆదివారం. సబ్బు పెట్టి కడుక్కున్న చెయ్యి. దానికి ఒక్క గింజ కారం లేదు. అయినా బిడ్డ కళ్ళు దాచుకుంటోంది.

చెయ్యి దానంతటదే దిగిపోయింది. మార్తమ్మ గట్టు మీద కూలబడింది. "యేసయ్యా, ఈ మంట దించుకోవడం నాకు రావట్లేదయ్యా" అంది. అంత కంటే పెద్ద ప్రార్థన ఆవిడకు రాలేదు.

తబిత ఒక కన్ను తెరిచింది. "పోయిందా అమ్మా?"

"ఇంకా లేదమ్మా. తప్పు నాదే. నీది కాదు."

ఆ పూట ఇద్దరూ కలిసే నడిచారు గానీ, తబిత రెండడుగుల వెనకే నడిచింది. చెయ్యి ఇవ్వలేదు. మార్తమ్మ అడగలేదు.

మర్నాడు కల్లంలో మార్తమ్మ మేస్త్రీ దగ్గరికి పోయి నిలబడింది. "అక్కా, నలుగురిలో నువ్వనే మాట నాకు మండుతోంది. ఎండ వైపు కూడా రోజూ నన్నే కూర్చోబెడతావు. ఈ మంట ఇంటికి మోసుకుపోలేక నీకే చెబుతున్నా."

"నిన్న మీ పిల్ల మనవి పెట్టింది, ఇవాళ నువ్వు సాక్ష్యం చెబుతున్నావా?" అంది సుగుణమ్మ. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి మార్తమ్మకూ కాస్త నవ్వొచ్చింది. మధ్యాహ్నం ఎండ ముదిరాక, సుగుణమ్మ ఎటో చూస్తూ తన గోనెపట్టా పక్కకు జరిపి నీడలో చోటు చేసింది. కొందరు అంతేనమ్మా.

మరి కోపం రావడం మానేసిందా? ఎక్కడ మానుతుంది. అదీ మిరపకాయ లాంటిదే, పని ఉన్నన్నాళ్ళూ అంటుతూనే ఉంటుంది. అయితే మార్తమ్మ ఇప్పుడు చేతులకు మజ్జిగ రుద్దుకున్నాక వెంటనే లేచేది కాదు. అరుగు మీదే కూర్చుని పెదాలు కదుపుతూ ఉండేది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అని అడిగింది ఎలీసమ్మ.

"ఆయనతో అత్తా. మేస్త్రీ మీద చాడీలు చెబుతున్నా."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు. వింటున్నాడు."

"పొద్దు గూకేలోపు చెప్పడం ముగించు మరి. కోపాన్ని రాత్రికి ఉంచుకోకూడదు."

మార్తమ్మ ఖాళీ గిన్నె అందిస్తూ, "మజ్జిగ బాగుంది అత్తా. ఆ రోజూ బాగానే ఉంది" అంది. ఎలీసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం మార్తమ్మ అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. పక్కన ఏదో కదిలింది. కళ్ళు తెరిచి చూస్తే, తబిత. ఒళ్ళోకి రిబ్బను పడేసి, అమ్మ వైపు వీపు తిప్పి కూర్చుంది.

మార్తమ్మ రెండు చేతులూ వాసన చూసుకుంది. పుల్లటి మజ్జిగ వాసన. అప్పుడు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఆ పిల్ల జుట్టు మూడు పాయలు తీసింది.

చేతి మంట మజ్జిగకి,
గుండె మంట దేవుడికి,
కథేమో కంచికి,
మనమేమో నిద్దరకి.