పళ్ళ లెక్కన పెద్దరికం

ఊటపాలెంలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే మిగతా ఇళ్ళవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గవర్రాజు ఇంట్లోవాళ్ళు మాత్రం మొహమాటం లేకుండా అందరూ ఒకేసారి చెయ్యెత్తుతారు. ఆ ఇంట్లో ప్రతి పనికీ ఒక పద్ధతుంది. అన్నిట్లోకీ గొప్పది వయసు లెక్క కట్టే పద్ధతి.

అక్కడ ఎవరికీ పుట్టిన సంవత్సరం తెలియదు. నాయనమ్మ అచ్చాయమ్మ వరదొచ్చిన ఏడు పుట్టింది. ఆవిడ కొడుకు గవర్రాజు కూడా వరదొచ్చిన ఏడే పుట్టాడు. ఆ లెక్కన తల్లీకొడుకులు కవలలవుతున్నారు. ఈ చిక్కు విడదియ్యడానికి గవర్రాజు మూడు రోజులు బుర్ర గోక్కుని ఒకటి కనిపెట్టాడు. వయసు మీదపడేకొద్దీ పళ్ళు రాలతాయి కాబట్టి, ఎవరికి పళ్ళు తక్కువో వాళ్ళే పెద్ద. అంతే, ఆనాటినుంచి ప్రతి ఉగాదికీ పచ్చడి తినగానే అందరూ వరసగా నిలబడి నోళ్ళు తెరుస్తారు. అచ్చాయమ్మకి రెండు, గవర్రాజుకి పందొమ్మిది, అతని భార్య మంగాయమ్మకి ఇరవై నాలుగు, కొడుకు తాతబ్బాయికి ముప్ఫై ఒకటి. కోడలు నూకరత్నానికి ముప్ఫై రెండూ ఉన్నాయి. అంచేత ఆ ఇంట్లో ఆ పిల్ల మాటకి విలువ లేదు.

ఇంటికి పెద్ద ఎవరో వాళ్ళ మాటే చెల్లుతుంది. వాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోనిదే ఎవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. అచ్చాయమ్మ తన రెండు పళ్ళతో అలా ఇంటిని ఏలుతూండగా నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో పురుడు పోసే దిక్కు లేక, పిల్లని ఎత్తుకుని ఆసుపత్రినుంచి నేరుగా అత్తింటికే వచ్చింది.

ఇంకేముంది, అచ్చాయమ్మ మంచమెక్కి కూర్చుని ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. బాలింత నీళ్ళు తాగితే పాలు పలచనవుతాయి, కాబట్టి రోజుకి అరగ్లాసు చాలంది. తాతబ్బాయి ఇంకాస్త ముందుకెళ్ళాడు. తాగితేనే పలచనైతే తడిసినా పలచనవుతాయి కదా అని, వాన పడినప్పుడల్లా ఇంట్లో పెళ్ళాం నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వంకాయ తింటే బిడ్డకి దురద, ఆకుకూర తింటే విరేచనాలు, పప్పు తింటే కడుపుబ్బరం అంది అచ్చాయమ్మ. చివరికి ఒంటిపూట అన్నమూ వెల్లుల్లి కారమూ మిగిలాయి. కూర వాసన కూడా పాలలోకి దిగిపోతుందేమోనని, తాము తింటున్నంతసేపూ మంగాయమ్మ కోడలిచేత ముక్కు మూయించింది.

మనం తినేది మూడు పూటలే కాబట్టి బిడ్డకీ మూడు పూటలే పాలివ్వమన్నారు. మధ్యలో ఏడిస్తే గొంతు గట్టిపడుతుందట. పాలిచ్చేటప్పుడు ఎవరి కన్నూ పడకూడదని కూడా అచ్చాయమ్మే చెప్పింది. అంతే, పిల్ల పాలు తాగే వేళకి ఇంటిల్లిపాదీ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకునేవాళ్ళు. కట్టుకున్నాక ఓ చోట కూర్చోవచ్చు కదా, కూర్చోరు. పనులు పాడవుతాయి మరి. ఓ రోజు గవర్రాజు గంజి తపేలాలో కాలు పెట్టి జారాడు. జారుతూ బట్టలారేసిన తాడు పట్టుకున్నాడు. తాడు తెగి తడి దుప్పటి మంగాయమ్మ మీద పడింది. దయ్యం పట్టుకుందనుకుని మంగాయమ్మ గరిటె తీసి చుట్టూ బాదింది. ఆ దెబ్బలన్నీ అచ్చాయమ్మ వీపుమీదే పడ్డాయి. కళ్ళకి కట్లుండబట్టి ఎవరు కొట్టారో తెలియక, మర్నాడు ఇంకో తువ్వాలు అదనంగా కట్టుకోమంది ఆవిడ.

నూకరత్నానికి ఈ ఇంటి తెలివి మీద నమ్మకం లేకపోలేదు. రెండేళ్ళుగా తనూ ఉగాదికి నోరు తెరుస్తూనే ఉంది. కానీ కడుపు నకనకలాడుతోంది, నాలుక పిడచగట్టుకుపోతోంది, పాలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. పిల్ల ఏడుస్తుంటే గొంతు గట్టిపడుతోందని అందరూ మురిసిపోయేవారు. తల్లి మాత్రం పక్కకి తిరిగి కళ్ళొత్తుకునేది.

ఓ పొద్దున ఊళ్ళో పిల్లల్ని చూసే నర్సు సుగుణ కాటా పట్టుకుని వచ్చింది. పిల్లని తూచి ముఖం ముడుచుకుంది. పది రోజులైనా బరువు పెరగలేదంది. పిల్ల ఎప్పుడు అడిగితే అప్పుడు పాలివ్వాలి, తల్లి కడుపునిండా అన్నీ తినాలి, దాహం తీరా నీళ్ళు తాగాలి, బిడ్డకి ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మెతుకు కానీ చుక్క నీళ్ళు కానీ పెట్టకూడదని వివరంగా చెప్పింది.

గవర్రాజు అంతా విని, ఆవిణ్ణి ఓసారి నోరు తెరవమన్నాడు. ఆవిడ తెల్లబోయి తెరిచింది. అతను వేలు చూపించి లెక్కపెట్టి, ముప్ఫై రెండు అని అందరికీ వినపడేలా చెప్పాడు.

"పాపం, పసిపిల్ల," అంది అచ్చాయమ్మ జాలిగా. "ఏదో తెలియక వాగుతోంది."

సుగుణకి ఒళ్ళు మండింది. ఎల్లుండి మళ్ళీ వస్తానని, అప్పటికీ బరువు పెరగకపోతే తల్లినీ పిల్లనీ పట్నం ఆసుపత్రికి తీసుకుపోతాననీ చెప్పి వెళ్ళిపోయింది.

నూకరత్నం మొగుడి చెయ్యి పట్టుకుంది. నాయనమ్మకంటే తక్కువ పళ్ళున్నవాళ్ళనెవరినైనా వెతికి, నర్సమ్మ మాట వాళ్ళచేత చెప్పించమని బతిమాలింది. తాతబ్బాయికి పెళ్ళామంటే ప్రాణం. ఊరంతా తిరిగి కనపడ్డవాళ్ళ నోళ్ళన్నీ తెరిపించాడు. తన్నులు కూడా తిన్నాడు. ఎట్టకేలకి గెలిచినవాడిలా పక్కింటి కోడిపెట్టని చంకలో పెట్టుకుని వచ్చాడు. దాని నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

ఇంకేముంది, కోడిని పీట మీద కూర్చోబెట్టి అందరూ చేతులు కట్టుకున్నారు. బాలింత కూర తినొచ్చా అని గవర్రాజు వినయంగా అడిగాడు. అది పీట మీద రెట్ట వేసి అచ్చాయమ్మ బొటనవేలు పొడిచింది. పెద్దదే కానీ పొరుగింటి పెద్ద, మనింట్లో దాని మాట చెల్లదు అని అచ్చాయమ్మ వేలు పట్టుకుని తీర్పు చెప్పింది. తాతబ్బాయి కోడిని దాని ఇంట్లో మర్యాదగా దిగబెట్టి వచ్చాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. ఉయ్యాల్లో పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. నూకరత్నం తనూ ఏడుస్తూ వంగి, అలా తెరుచుకున్న ఆ నోట్లోకి చూసింది. చూసి ఆగిపోయింది.

"ఏవండీ, ఈవిడకి ఒక్కటీ లేదండి," అంది.

గవర్రాజు పరుగున వచ్చి వేలితో పైచిగురూ కిందిచిగురూ తడిమాడు. ఒక్కటీ లేదు. అప్పుడు మిగతావన్నీ ఒక్కొక్కటే కనపడ్డాయి. నెత్తిన జుట్టు లేదు. నాలుగడుగులు వెయ్యలేదు. ఎవరి పేరూ గుర్తులేదు. పక్కమీదే అన్నీ అయిపోతున్నాయి. ఊళ్ళో ఇంత పెద్ద వయసు మనిషి ఇంకొకరు లేరు.

"ఇన్నాళ్ళూ ఏమే, ఒసే అని పిలిచామే," అని అతను లెంపలేసుకున్నాడు.

అచ్చాయమ్మ మొహం పాలిపోయింది. కానీ పద్ధతి పద్ధతే. మంచం దిగి వచ్చి ఉయ్యాల్లో తల ఆనించి దణ్ణం పెట్టింది. పిల్ల కాళ్ళాడిస్తూ ముక్కుమీద ఒక్కటి తన్నింది. దీవించారని అందరూ సంబరపడ్డారు. ఆవిడ తంతే ఔనన్నట్టే అని అప్పటికప్పుడు తీర్మానించేశారు.

అంతే, వరసగా అడిగేశారు. బాలింత నీళ్ళు తాగొచ్చా అంటే తన్నింది. గుత్తివంకాయ కూర, తోటకూర పప్పు, పెరుగు అంటే మూడుసార్లు తన్నింది. ఏడ్చినప్పుడల్లా పాలివ్వాలా అంటే రెండు కాళ్ళతోనూ తన్నింది. నూకరత్నం నాలుగు గ్లాసుల నీళ్ళు గటగటా తాగేసి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకోవాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెకి ఆ పూట ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మంగాయమ్మ వంట చేసి అందరికీ వడ్డించింది. కోడలి కంచంలో ముందు వేసింది, అది పెద్దావిడ ఆజ్ఞ కాబట్టి. మిగతా నలుగురూ కంచాల ముందు కూర్చుని చెయ్యి పెట్టబోయి ఆగారు. ఇంటికి పెద్ద ఇంకా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. గవర్రాజు ఉయ్యాల దగ్గరికెళ్ళి, తమరు ఆరు నెలలదాకా మెతుకు ముట్టరని ఆ పసిపిల్ల నర్సు చెప్పింది, నిజమేనా అని అడిగాడు. నిద్రలోనే పిల్ల మెల్లిగా ఓ కాలు విదిలించింది.

చెప్పినట్టే మూడోనాడు సుగుణ వచ్చి తూస్తే పిల్ల అరవై గ్రాములు పెరిగింది. నూకరత్నం బుగ్గల్లోకి రంగొచ్చింది. సుగుణ సంతోషంగా ఏం చేశారని అడిగితే, నూకరత్నం కూర కలుపుకుంటూ, పెద్దల మాట విన్నామని చెప్పింది. అప్పుడు సుగుణ చూపు పక్కకి తిరిగింది. కళ్ళు పీక్కుపోయిన నలుగురు కంచాలు ఒళ్ళో పెట్టుకుని, ఉయ్యాల చుట్టూ చేరి, పిల్ల నోట్లోకి తొంగి చూస్తున్నారు.

"మూడు పళ్ళొచ్చాయంటే ఆవిడ నాకంటే చిన్నదైపోతుంది," అంది అచ్చాయమ్మ నూకరత్నం కంచం చూస్తూ గుటక మింగి. "మళ్ళీ నేనే పెద్ద. అప్పుడు అందరం తింటాం."

మొదటి పన్ను రావడానికే ఇంచుమించు ఆరు నెలలు పడుతుందని సుగుణ చెప్పింది. గవర్రాజు కాసేపు దీర్ఘంగా ఆలోచించి, తెలివంతా కూడదీసుకుని, భార్య వైపు తిరిగాడు.

"మంగా, కూర మీద మూత పెట్టు," అన్నాడు. "అప్పటికి చల్లారిపోతుంది."