పెళ్ళికెళ్ళిన మోటారు సైకిలు

గెడ్డవలసలో తెలివి ఎక్కడుందని ఎవరడిగినా గవరయ్య తన ఇంటి గుమ్మం చూపించేవాడు. అతని తమ్ముడు పోలయ్య ఇంకో అడుగు ముందుకేసి, "తెలివి బయటికి పోతుందనే మేము కిటికీలు తియ్యం" అనేవాడు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ మురిసిపోయి కొడుకులిద్దరికీ దిష్టి తీసేది. ఇలాంటి వాళ్ళతో వాదించినవాడి బుర్ర పాడవ్వాలే గాని, వాళ్ళకేం కాదు!

పక్క ఊరు మామిడివలసలో అప్పలనరసమ్మ చెల్లెలు సత్తెమ్మ ఉంది. సత్తెమ్మ కూతురు చిట్టెమ్మకి పెళ్ళి కుదిరింది. "పెద్దమ్మ అక్షింతలు వేస్తేనే నాకు పెళ్ళయినట్టు" అని ఆ పిల్ల కబురు పెట్టింది. పెద్దమ్మకీ అదే ఆశ. కానీ ఒకటే పట్టు.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన మోటారు సైకిలు మీదే చెల్లెలింటికెళ్ళాను. ఇప్పుడూ దానిమీదే వెళ్తాను. లేదంటే వెళ్ళనే వెళ్ళను."

ఆ బండి చూస్తే, ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంటి చావట్లోనే పడుంది. సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"దానికేటమ్మా! పుస్తకం కొని, చూసి బాగుచేసేస్తాం" అన్నాడు గవరయ్య.

ఇద్దరూ పట్నం వెళ్ళారు. తమ బండి ఏదో చెబితే కొట్టువాడు రెండు పుస్తకాలు తీశాడు. ఒకదాని నిండా నూనె మరకలు, వేలిముద్రలు.

"ఇది తీసుకోండి బాబూ. సరిగ్గా మీ బండి గురించే. ఒక మెకానిక్కు దీన్ని చూసి ఎన్నో బళ్ళు బాగుచేశాడు."

గవరయ్యకి మండింది. "అన్ని బళ్ళు బాగుచేసేశాక ఇంక ఇందులో ఏం మిగిలుంటుందయ్యా? మమ్మల్ని చూస్తే వెర్రివాళ్ళలా ఉన్నామా?"

"పిండేసిన చెరుకు మాకు అంటగడతావా!" అన్నాడు పోలయ్య.

"అయితే ఈ కొత్తది ఉంది. కానీ ఇది అన్ని బళ్ళకీ కలిపి రాసింది."

"అలా చెప్పు! మాకు ఒక్క బండికి చాలు. మిగతాది రేపు ఊళ్ళో ఎవరికైనా అరువిస్తాం."

అంతే, కొత్తది కొనేశారు. దారిలో ఎవరైనా చదివేసి అరగదీస్తారని గుడ్డలో చుట్టి తెచ్చారు.

పుస్తకం చెప్పినట్టే కుళ్ళిన పెట్రోలు పారబోశారు, కొత్తది పోశారు, ఇంజిన్లో ఆయిలు వేశారు. ఆ కింద ఇలా ఉంది: "ఈ రాత్రికి బండిని అలాగే వదిలేయండి."

"అందరం ఇంట్లో కూచుంటే వదిలేసినట్టెలా అవుతుందిరా?" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! ముగ్గురూ ఇల్లు ఖాళీ చేశారు. కోళ్ళని తోలారు, మేకని విప్పారు. గోడమీది బల్లిని చీపురుతో బయటికి పంపారు. చివరికి నాన్న ఫొటో కూడా దించేశారు, ఆయనుంటే బండికి తోడున్నట్టే కదా! వీధిలో పడుకున్నారు. తెల్లారేదాకా వాన. బండి లోపల వెచ్చగా ఉంది, వీళ్ళు ముద్దయిపోయారు.

తెల్లారింది. ఆరోజే పెళ్ళి. తర్వాతి మాట చూస్తే: "బండి కదులుతుండగా బ్రేకు నొక్కి చూడండి. ఆగకపోతే ప్రయాణం పెట్టుకోకండి."

"ఇంకా కదలటం లేదు కదన్నియ్యా?"

"మనమే కదిలిద్దాం!"

మోటారు సైకిలుని పక్కింటి ఎడ్లబండి మీదికి ఎక్కించి నిలబెట్టారు. పోలయ్య దానిమీద కూచున్నాడు. గవరయ్య ఎడ్లని తోలాడు. పల్లం వచ్చింది, ఎడ్లు పరుగందుకున్నాయి.

"నొక్కరా!"

"నొక్కుతున్నా!"

"గట్టిగా నొక్కు!"

"మీద నిలబడిపోయానన్నియ్యా! ఈ ఎడ్లకి బ్రేకు పట్టడం లేదు!"

ఎడ్లబండి వెళ్ళి గడ్డివాములో దూరింది. మోటారు సైకిలు ఎగిరి కింద పడింది. పడ్డప్పుడు కిక్కు రాడ్డు నేలకి తగిలింది. అంతే, ఇంజిను గుర్రుమంది!

గుమ్మంలో అప్పలనరసమ్మ కళ్ళొత్తుకుంది. "అచ్చం మీ నాన్న గురకేరా!"

"మరి బ్రేకు?" అన్నాడు పోలయ్య.

"గడ్డివాములో ఆగింది కదరా! బ్రేకు కొంచెం నిదానం, అంతే."

చివరి పేజీలో ఉంది: "మొదటిసారి కొంత దూరం నడిపి, ఎక్కడా ఆగకుండా బయలుదేరిన చోటికే తీసుకురండి. ఆయిలు చూసుకోండి. ఆ తర్వాతే బండిని పనికి వాడండి."

ముగ్గురూ ఎక్కారు. మధ్యలో అప్పలనరసమ్మ, గుప్పిట నిండా అక్షింతలు. మామిడివలస వచ్చింది. పందిరి కనిపించింది. సత్తెమ్మ ఎదురొచ్చింది.

"అక్కా! వచ్చేశావా! దిగవే!"

"దిగకూడదే! ఇది ఇంకా పనికి కాదు! ఇంటికెళ్ళి మళ్ళీ వస్తా!"

బండి పందిరి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంకేముంది! "పెద్దమ్మ అలిగెళ్ళిపోతోంది!" అని చిట్టెమ్మ పీటల మీంచి లేచి పరుగెత్తింది. కొంగు ముడి వేసేశారేమో, వెనకాలే పెళ్ళికొడుకునీ లాక్కుపోయింది. వాళ్ళ వెనక సత్తెమ్మ, పురోహితుడు, సన్నాయి వాళ్ళు, చుట్టాలు. ఊరికి ఊరే గెడ్డవలస దాకా పరుగెత్తింది.

అప్పటికి గవరయ్య ఆయిలు చూస్తున్నాడు. చిట్టెమ్మ రొప్పుతూ వచ్చి పెద్దమ్మ కాళ్ళమీద పడింది. "నా మీద కోపమా పెద్దమ్మా? ఇక్కడే వెయ్యి అక్షింతలు!"

"పిచ్చిపిల్లా! వాకిట్లో ఎవరైనా అక్షింతలు వేస్తారా? పందిట్లో వెయ్యాలి. నువ్వు కంగారుపడకు, నేను నీ పెళ్ళికే వస్తున్నా!"

"ఆయిలు సరిపోయింది" అన్నాడు గవరయ్య. "ఎక్కమ్మా, ముహూర్తం దాటిపోతోంది!"

"ఒసే అక్కా! పెళ్ళికూతురు ఇక్కడుందే!" అని సత్తెమ్మ అరుస్తూనే ఉంది. బండి చప్పుడులో ఎవరికి వినపడుతుంది? వెళ్ళిపోయారు.

పందిట్లో ఒక్క పురుగు లేదు. ముగ్గురూ ముందు వరసలో కూచున్నారు. కాసేపు చూశారు. ఎవరూ రారు.

"పెళ్ళి పెట్టుకుని ఇంత ఆలస్యమేటిరా?" అంది అప్పలనరసమ్మ.

"వాళ్ళకి మోటారు సైకిలు లేదు కదమ్మా, నడిచి రావాలి" అన్నాడు పోలయ్య.

"ముహూర్తం నడిచొచ్చేవాళ్ళ కోసం ఆగుతుందా?" అని ఆవిడ లేచింది. తిన్నగా వెళ్ళి, ఖాళీ పీటలు రెండింటి మీదా చెరి సగం అక్షింతలు చల్లింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "కలకాలం ఇలాగే పక్కపక్కన ఉండండి" అని దీవించింది.

"అయిపోయింది కదా, ఇంక భోజనాలకి లేద్దాం" అన్నాడు గవరయ్య.