రంగెక్కని కణాలు

లారీ డ్రైవర్ ఇలియాస్ రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి. ఒంట్లో ఎక్కడో చీము పట్టి అలా పెరిగాయా, లేక రక్త కేన్సరా అన్నది తేలాలి. ఆరోగ్యంగా ఉన్నవారి తెల్లకణాల్లోనూ కొంత ఉండే ఒక ఎంజైము, చీముతో పోరాడే కణాల్లో పొంగుతుంది. రంగు వేస్తే అవి నీలంగా కనిపిస్తాయి. ఒక రకం కేన్సర్‌లో మాత్రం కణాలు గుంపులుగా ఉంటాయి గానీ వాటిలో ఆ ఎంజైము దాదాపు ఉండదు, రంగెక్కవు.

ఇలియాస్ గాజుపలక మీద ఒక్క కణమూ రంగెక్కలేదు. పరీక్ష చేసిన వింధ్యకు ఇంకేం కావాలి? ల్యాబులో చేరీ చేరగానే ఇంత పెద్ద రోగాన్ని పట్టేశానని ఆమెకు ఒకటే ఉత్సాహం. రిపోర్టు రాసి, గురువుగారు డాక్టర్ వామనరావు దగ్గరికి సంతకానికి పరిగెత్తింది. బయట బల్ల మీద ఇలియాస్ భార్య ఎదురుచూస్తోంది.

వామనరావుగారు రిపోర్టు చూడలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"నా రక్తం తియ్యి తల్లీ. ఆయనది ఎలా తీశావో, ఎలా చేశావో, అచ్చం అలాగే."

పెద్దాయనకి ఇదేం చాదస్తం అనుకుంటూనే తీసింది. ఇలియాస్‌ది చేసినట్టే ఊదా మూత గొట్టంలో పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే పలక మీద పరిచి రంగు వేసింది.

ఒక్క కణమూ రంగెక్కలేదు. వింధ్య పలక పట్టుకుని ఆయన గదికి పరిగెత్తింది.

"సార్... మీకు..."

"కేన్సరేనా? అయితే రిపోర్టు రాయి," అన్నారాయన రస్కు టీలో ముంచుతూ. "మా ఆవిడకి మాత్రం నువ్వే చెప్పాలి. నాకంత ధైర్యం లేదు."

ఆయన నవ్వు చూశాక గానీ వింధ్యకు తట్టలేదు. రక్తం గడ్డకట్టకుండా ఆ గొట్టంలో వేసే మందే ఎంజైమును పనిచేయనివ్వలేదు. చదువుకున్న ముక్కే, తొందరలో మరిచిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెంటనే వార్డుకి నడిచింది.

ఇలియాస్ మంచం పక్కన నిలబడి ముందు తన వేలే గుచ్చుకుంది.

"జొరం నాకైతే మీ వేలు గుచ్చుకుంటారేందమ్మా?" అన్నాడతను.

"నాది కూడా చూసుకోవాలి కదా భాయ్."

తర్వాత అతని వేలు గుచ్చింది. ఈసారి గొట్టం జోలికి పోకుండా, చుక్కల్ని నేరుగా పలకల మీద పరిచింది.

మధ్యాహ్నానికి రెండు పలకలూ నీలమెక్కాయి. ఇలియాస్‌ది మరీ చిక్కగా. స్కానింగ్ తీస్తే కాలేయంలో చీముగడ్డ బయటపడింది. మందులతో నయమవుతుందని విని అతని భార్య వింధ్య చేతులు పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం వామనరావుగారు తీరిగ్గా మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు.

"ఈ రెండో పలక ఎవరిది?"

"నాదే సార్. అది రంగెక్కకపోతే ఇలియాస్‌దీ నమ్మకూడదని."

ఆయన ఇంకాసేపు చూశారు.

"ఇకనుంచి నా సంతకం అక్కర్లేదులే."