రుచిధ్వజుని వనదీక్ష

పూర్వం, నీలవేణీ నదీతీరాన్ని రుచిధ్వజుడనే మహారాజు పాలించేవాడు. ఆయన తాతతండ్రులు మేడలకూ రథాలకూ సగం అడవిని నరికించి సుఖంగా వెళ్లిపోయారు. కరువు మాత్రం ఈయన నెత్తిన పడింది. గంజికోసం బారులు తీరిన ప్రజలను చూడలేక, ధర్మాత్ముడైన ఆ ప్రభువు తపోనిధియైన దర్భాయణ మహర్షిని ఆశ్రయించి, ఆయన ఉపదేశం మేరకు వనదేవత సన్నిధిలో ఖడ్గం చేతబట్టి, "తల్లీ, నిన్ను గాయపరచిన చేతిని ఖండిస్తాను. నా రాజ్యానికి వాన ప్రసాదించు" అని శపథం చేశాడు.

చేసి ఊరుకున్నాడా? మంచిపనికి పూనుకున్న రాజుకు పట్టపగ్గాలుండవు కదా నాయనలారా! తరతరాలుగా అడవినే నమ్ముకున్న గూడెం జనాన్ని పిల్లాజెల్లాతో సహా వెళ్లగొట్టించి, చుట్టూ భటులను కాపలా పెట్టాడు. అయినా చినుకు రాలలేదు.

ఒకనాడు భటులు గురవి అనే గూడెం స్త్రీని సభకు ఈడ్చుకొచ్చారు. అడవిలో గడ్డ తవ్విందని నేరం.

"భటులను చూసి ఎందుకు పారిపోలేదమ్మా?" అన్నాడు రాజు.

"పిల్లలు ఆకలికి సొమ్మసిల్లితే తవ్వాను సామీ. గడ్డ తీసుకున్నాక దాని తల మళ్లీ గుంటలో నాటడం మా ఆచారం. మన్ను కప్పకుండా ఎట్లా పోతాను? ఎండకు చచ్చిపోదూ!"

రాజు భటులను వెనక్కి తగ్గమన్నాడు. సభలోనే ఉన్న దర్భాయణుడు గంభీరంగా, "రాజేంద్రా, శపథం తప్పితే వాన లేదు. ఒక్క చేతిపై జాలిపడి రాజ్యమంతా ఎండగడతారా?" అన్నాడు.

రుచిధ్వజుడు సింహాసనం దిగి, తన కుడిచేతిని రాతిగద్దెపై చాచి, ఎడమచేత ఖడ్గమెత్తి, "మహర్షీ, శపథం తప్పను. పిల్లలను తల్లి ఒడిలోంచి ఈడ్పించి వనమాతను గాయపరచింది ఈ చెయ్యే" అన్నాడు.

దిగుతున్న కత్తిని ఎవరో పట్టి ఆపారు. చూస్తే ఆకుపచ్చని చీరతో, కళ్లనిండా నీళ్లతో సాక్షాత్తు వనదేవత!

"నాయనా, నా పిల్లల నుంచి నన్ను కాపాడమని నిన్నెవరడిగారు? నరికి అమ్ముకునేవాణ్ణి ఆపు. తిని, తిరిగి నాటేవాణ్ణి కాదు. వరం కోరుకో."

"అమ్మా, అడవీ నిలవాలి, ఆకలీ తీరాలి. ఒకదానికోసం ఇంకొకటి చావకూడదు."

"తథాస్తు. ఇకమీదట గూడేన్ని అడగకుండా అడవికి ఏ శాసనమూ చెయ్యకు."

ఆ జగజ్జనని అంతర్ధానమైనంతనే మేఘాలు కమ్ముకొచ్చాయి. రాజు తడుస్తూనే పొలిమేరదాకా కాలినడకన వెళ్లి, గూడెం జనానికి చేతులు జోడించి, వాళ్లను వాళ్ల అడవికి తోడ్కొని వెళ్లాడు. బోడికొండలను వాళ్లకే అప్పగించి చెట్లు పెంచమన్నాడు, పండిన ఫలం వాళ్లదేనన్నాడు. కరువు ఆ రాజ్యం వైపు మళ్లీ తొంగిచూడలేదు.

ఈ కథ విన్నవారి ఇంట అన్నానికి లోటుండదు. విన్నాక కూడా అడవి బిడ్డను అడవిలోంచి గెంటేవాడికి మాత్రం ఈ ఫలం దక్కదు.