మాస్టారు అడిగిన ప్రోగ్రాం

మాల్యాద్రికి ఏ భాషలో రాయాలో తేలడం లేదు.

రాయాల్సింది ఒక ప్రోగ్రాం, మస్తాన్ వలీ మాస్టారి కోసం. మార్కాపురంలో ఒక టైలరు దుకాణం పైగదిలో ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవారు. మాల్యాద్రికి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పిందీ ఆయనే. నీటికాసుల జబ్బుతో ఇప్పుడాయన చూపు తగ్గిపోతోంది. పిల్లలు రాసింది చూసి, తప్పెక్కడుందో వాళ్ల చేతే పట్టించడం ఆయన పాఠం. చూపు పోతే ఆ పాఠం ఉండదు. ఆయన కంప్యూటర్లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది గానీ, అది ప్రోగ్రామంతా గడగడా అప్పజెప్పేస్తుంది. ఏ లైను ఎడమ అంచు నుంచి ఎంత లోపలికి జరిగిందో చెప్పదు. పైథాన్‌లో ఏ లైను ఏ పనిలో భాగమో ఆ జరగడాన్ని బట్టే తెలుస్తుంది; అది తెలియకపోతే ఏమీ తెలియనట్టే.

"ఒక్కో లైనూ చదివి, లోపలికి జరిగితే జరిగిందని తెలుగులో చెప్పాలి. నీకొచ్చిన దాంట్లో రాసెయ్ నాయనా," అని అడిగారు మాస్టారు. అప్పటికి ఆయనకు ఇంకా కాస్త కనిపిస్తోంది.

గురువుకిచ్చేది అల్లాటప్పాగా ఉండకూడదనుకున్నాడు మాల్యాద్రి. పైథాన్ నెమ్మది అని ఎవరో అన్నారు. జావా చూశాడు. గో అయితే వేగమన్నారు, అదీ చూశాడు. రస్ట్ వచ్చినవాడికి తిరుగులేదన్నారు. ఇక ఒక్కో భాషకీ మంచి పాఠాలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకులాట. ఫలానా వీడియోలు బాగుంటాయంటే అవి మొదలుపెట్టేవాడు. సగంలో ఉండగా ఇంకెవరో ఫలానా పుస్తకం మేలంటే అటు దూకేవాడు. సంబంధాలు చూస్తూనే ఉండి, ఏదీ ఖాయం చేసుకోని పెళ్లికొడుకులా తయారయ్యాడు. బద్ధకస్తుడైతే తిట్టి ఊరుకోవచ్చు. పాపం, తెల్లారుజామునే లేచి చదివేవాడు. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

మాస్టారు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. భాష తేల్చుకుంటున్నానని ఇతను చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆ ఫోన్లు రావడం మానేశాయి. మాల్యాద్రి గమనించనేలేదు.

చివరికి భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి, దేని బలమేమిటో, దేన్ని ఎక్కడ నేర్చుకుంటే మంచిదో చూపిస్తూ పెద్ద పట్టిక చేశాడు. ఇంటర్నెట్లో పెడితే జనం తెగ మెచ్చుకున్నారు. అది మాస్టారికి చూపిద్దామని హుషారుగా మెట్లెక్కి వచ్చాడు.

గదిలో బల్లలు లేవు. మిగిలింది ఒక్క కంప్యూటరు. దాని ముందు నాగజ్యోతి అనే డిగ్రీ అమ్మాయి కూర్చుని ఉంది. మిగతావాళ్లంతా ఒక్కొక్కరే ఒంగోలు కోచింగులకు వెళ్లిపోయారని, తనకూ ఇదే ఆఖరి క్లాసని చెప్పింది. నెలాఖరుకి సార్ గది ఖాళీ చేస్తున్నారట.

అయినా మాల్యాద్రి పట్టిక తెరిచి, ఇది చూడండి సార్ అంటూ ఫోన్ పక్కనే కూర్చున్న మాస్టారి ముందుకు చాపాడు. మాస్టారు ఫోన్ వైపు చూడలేదు. అతని గొంతు వినిపించిన వైపే చూస్తున్నారు.

కోప్పడలేదాయన. పట్టిక సంగతి తర్వాత విందామని, ముందు ఈ అమ్మాయి ప్రోగ్రాం చూడమన్నారు. క్లాసు మార్కులన్నీ కూడే ప్రోగ్రాం అది. మార్కుల మొత్తం చివర్లో ఒక్కసారే రావాల్సింది, ప్రతి పేరు తర్వాతా వచ్చిపడుతోంది. మాల్యాద్రికి చూడగానే తప్పు తెలిసిపోయింది. చెప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"తప్పు చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు. జరిగిన చోట జరిగిందని చెప్పు."

మాల్యాద్రి చదివాడు. ఇది అంచునే ఉంది సార్, అన్నాడు. ఇది ఒక అడుగు లోపలికి జరిగింది, ఇదీ లోపలే, ఇదీ లోపలే. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. ఒక్కో లైనుకీ ఆయన వేలు మోకాలి మీద కదులుతూ వచ్చి, ఆఖరి లైను దగ్గర ఆగింది.

"మొత్తం చూపించే లైను లోపలెందుకమ్మా?" అని అడిగారు నాగజ్యోతిని.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, దాన్ని అంచుకి తెచ్చింది. మొత్తం ఒక్కసారే వచ్చింది. సంబరంగా నవ్వింది, అంతలోనే నవ్వు ఆపుకుని మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టి, వెళ్లొస్తానని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మాల్యాద్రి ఇప్పుడు నోటితో చేసింది పైథాన్‌లో రాయడానికి ఒక పూట చాలు. రేపటికల్లా రాసి తెస్తానని చెప్పబోయి, ఖాళీ గది చూసి, పట్టిక మూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మాస్టారు చెయ్యి చాచి, తడుముకుని, అతని భుజం మీద వేశారు.

"నేనడిగింది ఇంతేరా," అన్నారు.